చెవితో చేపపిల్లలను లెక్కించు విద్య

నీటిలోని చేపకు గట్టుపై బేరమాడుట తెలివితక్కువ పనియని మన పెద్దలు నవ్వుదురు. కాని మన సీమలో చెఱువుపాట పాడువారు ఏటేట చేయునది ఆ బేరమే. వానలు కురిసి చెఱువు నిండినతోడనే మత్స్యకారుల సంఘమువారు చేపపిల్లలను కొని తెచ్చి నీటిలో విడుతురు. కొన్ని మాసములకు పిమ్మట నీరు తగ్గినప్పుడు వలలు వేయుదురు. వల గట్టెక్కువఱకు ఎన్ని పిల్లలు బ్రతికినవో, ఎన్ని చచ్చినవో, ఎన్ని కొఱ్ఱమీనుల కడుపున పడినవో, ఎన్ని అలుగు దాటి వాగులోనికి పోయినవో చెప్పగలవాడు లేడు. మిరపనారు పోసిన రైతు కొన్ని దినములకే మడి చూచి మొలకల నెంచుకొనగలడు. చేపలు పెంచువానికి ఆ భాగ్యము లేదు. ఆ లోపమును తీర్పగల విద్య యొకటి కలదు. నీటిలోనికి శబ్దమును పంపి, తిరిగివచ్చు మాఱుమ్రోతను విని, కంటికి కానరాని చేపపిల్లల ఉనికిని, సంఖ్యను, పరిమాణమును కనుగొనుట ఆ విద్య. దానికి వాడు యంత్రమును సోనారు అందురు. దానినిగూర్చి చదువరులకు కొంత తెలుపదలచితిమి.

చేపపిల్ల యనగా నెంత పిల్లయో మొదట తెలిసికొనవలెను. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు అను మూడు జాతుల పిల్లలను మన చెఱువులలో విరివిగా విడుచుచున్నారు. ఇవి సామాన్యముగా నిలిచిన నీటిలో గ్రుడ్లు పెట్టవు. కావున పూర్వము వఱదకాలమున నదులలో పిల్లలను పట్టి తేవలసియుండెను. 1957వ సంవత్సరమున హీరాలాల్ చౌదరి అను శాస్త్రజ్ఞుడు చేప మెదడు క్రిందనుండు గ్రంథియొక్క రసమును సూదితో నెక్కించి, ఈ జాతికి చెందిన చేపలచేత కొలనులోనే గ్రుడ్లు పెట్టించెను. నాటినుండి పిల్లల నుత్పత్తి చేయు కేంద్రములు వెలసి, లక్షలకొలది పిల్లలు దొరకుచున్నవి. గ్రుడ్డు వెలువడి మూడు దినములైన పిల్ల సుమారు 6 మిల్లీమీటర్లుండును. దీనిని స్పాను అందురు. రెండు మూడు వారములు పెంచినచో అంగుళము పొడవగును, అది ఫ్రై. మఱి రెండు మూడు మాసములకు వ్రేలంతయైన పిల్లను ఫింగర్లింగు అందురు. ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచులలో వీనిని తెత్తురు. స్పానును ఒక్కొక్కటిగా లెక్కించుట ఎవరి తరము? ఒక చిన్న గిన్నెడు పిల్లలను లెక్కించి, ఎన్ని గిన్నెలో చూచి హెచ్చవేయుదురు. గట్టుపై జరుగు లెక్క అంతటితో ముగియును. సంచి మూతి విప్పి నీటిలో వంచిన మఱుక్షణమునుండి లెక్క దైవాధీనము.

ఇది ఒక చెఱువు సంగతి మాత్రమే కాదు. శ్రీశైలము, నాగార్జునసాగరము అను మహా జలాశయములలో అలవి వలలనుగూర్చిన తగవు ఎంతకాలముగానో నడచుచున్నది. అలవి వలయొక్క కన్నులు మిక్కిలి సన్ననివి. అందు చిక్కిన పిల్ల యేదియు తప్పించుకొనజాలదు. ఈ వలలు నిషేధింపబడినవి. అయినను వేయుట మానలేదు. ఈ వలలవలన రేపటి పంట నేడే నాశనమగుచున్నదని ఒక పక్షమువారు మొఱపెట్టుచుండగా, అంత నీటిలో మేము పట్టునది యెంతయని రెండవ పక్షమువా రందురు. ఇద్దఱిలో ఎవరిది న్యాయమో తేల్చుటకు రెండు లెక్కలు కావలెను: వలలో పడిన పిల్ల లెన్ని, నీటిలో మిగిలిన పిల్ల లెన్ని. మొదటిది ఒడ్డున దొరకును. రెండవది లేక మొదటిదానికి అర్థమే లేదు. శ్రీశైలము నీటినే వెలిగొండ సొరంగముల గుండ మన కనిగిరి ప్రాంతమునకు తేవలెనని సంకల్పము కలదు గనుక, ఆ జలాశయములో పెరుగు పిల్లల సంగతి మనకు మిక్కిలి దూరపు సంగతి కాదు.

కంటితో చూచి లెక్కింపరాదా యని బాలు రడుగవచ్చును. వానకాలపు వఱదనీరు ఎఱ్ఱమట్టి కలిసి చిక్కగానుండును. అందు మోచేయివఱకు చేయి ముంచినచో మన వ్రేళ్లే మనకు కానరావు. వెలుతురు చొరని చోట కెమెరాయు గ్రుడ్డిదే. ఇక వల వేసి చూతమన్నచో, పెద్దకన్నుల వలనుండి పిల్లలు జారిపోవును. చిన్నకన్నుల వల నీటిలో మెల్లగా కదలును గనుక చుఱుకైన పిల్లలు ముందే తప్పుకొనును. పైగా వలలో నలిగిన లేతపిల్లలు మరల బ్రతుకుట అరుదు. ఎన్ని బ్రతికినవో తెలిసికొనుటకై వానిని చంపుట మంచి లెక్క కాదు.

వెలుతురు పోలేనిచోటికి శబ్దము పోగలదు. గాలిలో శబ్దము సెకనునకు సుమారు 340 మీటర్లు నడచును. కనిగిరి కొండకు ఎదురుగా 170 మీటర్ల దూరమున నిలిచి గట్టిగా చప్పట్లు చఱచినయెడల, మ్రోత కొండను తాకి ఒక సెకనునకు మరల మన చెవిని చేరును. కాలమును కొలిచిన దూరము తెలియును. సోనారుయొక్క మూలసూత్ర మంతయు ఇదియే. నీటిలో శబ్దము గాలిలోకంటె నాలుగు రెట్లకు మించిన వేగముతో పోవును. 1826లో కొల్లడన్, స్టూర్మ్ అను నిరువురు జెనీవా సరస్సులో రెండు పడవలమీద ఈ వేగమును కొలిచిరి. ఒక పడవనుండి నీటిలో వ్రేలాడదీసిన గంటను మ్రోగించుచు, ఆ క్షణముననే మందును వెలిగించి మెఱపు చూపిరి. దూరముననున్న రెండవ పడవవారు మెఱపునకును, నీటిలోనుండి వచ్చిన గంటమ్రోతకును నడుమ గడచిన కాలమును లెక్కించిరి. వారికి వచ్చిన వేగము సెకనునకు 1,435 మీటర్లు. ఆ సరస్సు నీరు చల్లనిది. మన చెఱువులలోవలె 30 డిగ్రీల వెచ్చదనముగల నీటిలో ఇది ఇంచుమించు 1,509 మీటర్లుండును. కావున సోనారు వాడువాడు మొట్టమొదట నీటి వేడిమిని కొలిచికొనవలెను. 30 మీటర్ల లోతుననున్న చేపను తాకి శబ్దము తిరిగివచ్చుటకు సెకనులో నూఱింట నాలుగు వంతుల కాలము చాలును. కన్నుమూసి తెఱచునంతలో ఇట్టి ప్రశ్నోత్తరములు అనేకము జరుగును.

ఈ విద్యను పెంచినది చేపలపై ప్రేమ కాదు, ఓడల భయము. 1912లో టైటానిక్ ఓడ మంచుకొండను తాకి మునిగిన పిదప, నీటిలో అడ్డములను ముందుగా కనిపెట్టు ఉపాయమునకై పలువురు యత్నించిరి. 1914లో ఫెస్సెండెన్ సముద్రమున మంచుకొండనుండి మాఱుమ్రోతను రాబట్టెను. మొదటి ప్రపంచయుద్ధమున జలాంతర్గాముల బాధ హెచ్చగా, ఫ్రాన్సు దేశపు లాంజెవా స్ఫటికపు పలకలతో నీటిలో శబ్దమును పుట్టించెను. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనియుండిరి. దానికి తలక్రిందుగా, విద్యుత్తు నిచ్చినచో ఆ స్ఫటికము వణకును. వణకినప్పుడు నీటిలో శబ్దము పుట్టును. తిరిగివచ్చిన శబ్దము స్ఫటికమును నొక్కినప్పుడు విద్యుత్తు పుట్టును. నోరును చెవియు ఒకే పలక యైనది. ఇట్టి పనిముట్టుతో చేపలను వెదకుట మొదట సముద్రమున కాక కొలనులో జరుగుట విశేషము. 1929లో జపానులో కిమురా అను నతడు చేపలు పెంచు కొలనులో ఒకవైపునుండి మఱియొకవైపునకు శబ్దమును పంపి, చేపలు అడ్డుపడినప్పుడు కలుగు మార్పును గమనించెను. 1935లో నార్వే దేశపు ఆస్కార్ సుండ్, సముద్రములోని కాడ్ చేపల గుంపుల మాఱుమ్రోతలు కాగితముపై గీతలుగా పడగా వానిని ప్రకటించెను. సోనారు అను పేరు రెండవ యుద్ధకాలమున అమెరికావారు పెట్టినది.

మనుష్యులకంటె ఎంతయో ముందుగా ఈ విద్యను నేర్చిన జీవి మన దేశముననే యున్నది. గంగానదిలోని డాల్ఫిను కంటిలో కటకము లేదు. బురదనీటిలో కన్ను దానికి నిష్ప్రయోజనము. అది నిరంతరము టకటకమని సూక్ష్మశబ్దములు చేయుచు, మాఱుమ్రోతలనుబట్టి చిన్న చేపలను వెదకి పట్టుకొని తినును. 2009లో మన ప్రభుత్వము దానిని జాతీయ జలచరముగా ప్రకటించినది. మన పాడుగోడలలోని గబ్బిలములు గాలిలో చేయునది ఇట్టి పనియే. గ్రుడ్డి డాల్ఫిను చేయగలిగినదానిని చేయుటకు మనకు పెట్టెలకొలది యంత్రములు కావలసివచ్చినవి.

ఇక ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. శబ్దము చేపను తాకి ఏల తిరిగివచ్చును? చేప మాంసము ఇంచుమించు నీటివంటిదే. నీటిలో పోవు శబ్దమునకు మాంసము పెద్ద అడ్డము కాదు. చాలవఱకు దూసికొని పోవును. చేపలో శబ్దమును తిప్పికొట్టునది వేఱొకటి కలదు. ఇంట చేపను కోయునప్పుడు వెన్నెముక క్రింద తెల్లగా మెఱయు గాలితిత్తిని మీలో చాలమంది చూచియే యుందురు. పిల్లలు దానిని కాలితో త్రొక్కి టప్పున పేల్చుట మా యెఱుకలోని యాటయే. దానికి వాయుకోశమని పేరు. చేప నీటిలో మునుగక తేలక నిలుచుటకు అది సాధనము. శబ్దము నడచు త్రోవలో నీటికిని గాలికిని గల వ్యత్యాసము మూడువేల రెట్లకు మించినది. కావున నీటినుండి వచ్చిన శబ్దము ఆ గాలిని చూచి, అద్దమును తాకిన వెలుతురువలె వెనుదిరుగును. వాయుకోశముగల చేపనుండి వచ్చు మాఱుమ్రోతలో నూటికి తొంబదిపాళ్లకు పైగా ఆ చిన్న గాలితిత్తినుండి వచ్చునదియే. మనము చేపను వెదకుచున్నామనుకొందుము. నిజమునకు చేప కడుపులోని గాలిబుడగను వెదకుచున్నాము.

బొచ్చె, శీలావతి మొదలగు కార్పు జాతి చేపలలో ఈ వాయుకోశము నడుమ నొక్కబడి రెండు గదులుగా నుండును. దానికిని లోపలి చెవికిని నడుమ చిన్న యెముకల వరుస కలదు. 1820లో వెబరు అను జర్మను శాస్త్రజ్ఞుడు వీనిని వర్ణించెను. నీటిలోని శబ్దములకు గాలితిత్తి అదరగా, ఆ యదరు ఎముకల మీదుగా చెవికి చేరును. కాబట్టి ఈ చేపలకు వినికిడి మిక్కిలి మెండు. సోనారుకు అద్దమైన అవయవమే చేపకు చెవికి తోడగుట చూచితిరా! అట్లైన యంత్రపు శబ్దమునకు చేపలు బెదరి పాఱిపోవా యన్న సందేహము పుట్టును. అట్లు జరుగదు. ఈ జాతి చేపలు వినగల శబ్దములు సెకనునకు కొన్ని వేల కంపనములతోనే ముగియును. మన చెవికి 20,000 పైన వినబడదు. సోనారు పలుకునది సామాన్యముగా 2 లక్షల కంపనముల శబ్దము. అది చేపకును మనకును మౌనమే. చేపలను బెదరించునది పడవ ఇంజనుయొక్క రొద. గట్టిగా తెడ్డు వేయుచప్పుడు.

పెద్ద చేపను కనుగొనుట నేడు గొప్ప పని కాదు. గాలముతో వేటాడువారికి అంగళ్లలో అమ్మబడు చిన్న పెట్టెలు దానిని చూపును. పిల్లలను కనుగొనుటయే కష్టము. గ్రుడ్డునుండి వెలువడినప్పుడు పిల్లలో గాలియే యుండదు. కొలది దినములకు గాని వాయుకోశము నిండదు. అంతవఱకు అది సోనారుకు ఇంచుమించు లేనట్లే. గాలి నిండిన పిమ్మటను దాని జవాబు మిక్కిలి సన్నము. స్థూలముగా చెప్పినయెడల, చేప పొడవు సగమైనచో మాఱుమ్రోత నాలుగవ వంతగును. 10 సెంటీమీటర్ల ఫింగర్లింగు ఒక రూపాయంత బలముతో పలికినచో, 2.5 సెంటీమీటర్ల ఫ్రై అణామాత్రము, అనగా పదునాఱవ వంతు పలుకును. దీనికి తోడు అల పొడవు చిక్కొకటి కలదు. చెఱువులో పెద్ద బండకు కొట్టుకొన్న అల వెనుకకు మరలును. గడ్డిపోచకు కొట్టుకొన్న అల దానిని లెక్కచేయక దాటిపోవును. శబ్దపు టలయు అట్టిదే. సెకనునకు 2 లక్షల కంపనములైనచో నీటిలో అల పొడవు 7.5 మిల్లీమీటర్లు. స్పాను పొడవే 6 మిల్లీమీటర్లు. దాని కడుపులోని గాలిబుడగ యెంతయుండును! కంపనములను హెచ్చించినచో అల పొట్టిదగును, చిన్న వస్తువులును పట్టువడును. కాని హెచ్చు కంపనముల శబ్దము నీటిలో దూరము పోలేదు, త్వరలోనే హరించుకొనిపోవును. దగ్గఱగా స్పష్టముగా చూచుటయా, దూరముగా మసకగా చూచుటయా యనుదానిలో ఒకటి కోరుకొనవలసినదే.

మోసపుచ్చు వస్తువులును లేకపోలేదు. బురదలో ఆకులలములు కుళ్లినప్పుడు పైకి వచ్చు బుడగలు చేపపిల్లలవలె పలుకును. దోమను పోలిన ఒక జాతి యీగయొక్క పురుగుపిల్లలు నీటిలో పెరుగును. వాని యొడలిలో చిన్న గాలిసంచులుండును. సరస్సులలో ఇవి వేలకొలది గుమికూడినప్పుడు చిఱుచేపల గుంపని అనుభవజ్ఞులే భ్రమపడుదురు. వేఱు వేఱు కంపనములతో రెండు మూడు శబ్దములను పంపి, ఏది దేనికెట్లు జవాబు చెప్పుచున్నదో పోల్చి చూచినగాని ఈ భ్రమ తొలగదు.

మన చెఱువులకు సంబంధించిన అసలు చిక్కు లోతు లేకపోవుట. సోనారు శబ్దము దీపపు వెలుతురువలె శంఖాకారముగా విచ్చుకొని పోవును. ఆ శంఖపు కోణము 7 డిగ్రీలనుకొందము. పడవనుండి క్రిందికి చూపినయెడల, 10 మీటర్ల లోతున అది 1.2 మీటర్ల వెడల్పుగల వృత్తమును చూచును. ఒక మీటరు లోతున చూచునది 12 సెంటీమీటర్లు. జానెడు కూడ లేదు. లేతపిల్లలు నీటి పైభాగమునను, ఒడ్డున గడ్డినడుమను తిరుగును గనుక, క్రిందికి చూచు యంత్రమునకు అవి చిక్కనే చిక్కవు. నేలకు అంటియున్న చేపల మాఱుమ్రోతయు నేల మ్రోతలో కలిసిపోవును. మన్నేటిపై కట్టిన మోపాడు జలాశయము గాని, గుండ్లకమ్మకు అడ్డముగా వందల సంవత్సరముల క్రిందట కట్టిన కంభము చెఱువు గాని నిండుగా నున్నప్పుడు, కట్టకు దగ్గఱి లోతునీటిలో ఈ పద్ధతి కొంత పనికివచ్చును. కట్టకు దూరమున నీరు పలుచనైన చోట్ల పనికిరాదు. అట్టిచోట యంత్రమును ప్రక్కకు త్రిప్పి, నీటిమట్టమునకు సమాంతరముగా శబ్దమును పంపుట ఒక ఉపాయము. ఐరోపా జలాశయములలో దీనిని వాడుచున్నారు. కాని ప్రక్కనుండి చూచినప్పుడు చేప మనకు అడ్డముగా నున్నచో గట్టిగాను, తల యిటు త్రిప్పియున్నచో సన్నముగాను పలుకును. చేప యెటు తిరిగియున్నదో తెలియక దాని పొడవు చెప్పుట కష్టము.

ఈ చిక్కును చాలవఱకు విప్పినది చిత్రములు చూపు సోనారు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో, మురికినీటి రేవులలో నౌకాదళమువారి యుపయోగమునకై డిడ్సన్ అను యంత్రము నిర్మింపబడెను. ఇది ఒక్క శంఖమునకు మాఱుగా 29 డిగ్రీల వెడల్పులో 96 సన్నని శబ్దకిరణములను ప్రక్కప్రక్కన పంపును. సెకనునకు 18 లక్షల కంపనములు. అల పొడవు ఒక మిల్లీమీటరుకంటె తక్కువ. ప్రతి కిరణమునుండి వచ్చిన జవాబును ప్రక్కప్రక్కన పేర్చినచో, చీకటి బురదనీటిలో చేప తోక యాడించుచు పోవుట తెరపై కదలుబొమ్మగా కానవచ్చును. నదులలోని సాల్మను చేపలను లెక్కించుటకు దీనిని అలాస్కాలో స్థిరముగా వాడిరి. తర్వాత వచ్చిన యంత్రములు ఇంకను నిశితమైనవి. పిల్లల విషయమున దీని హద్దు మన మే లెక్కవేసి చూడవచ్చును. ఒక్కొక్క కిరణము డిగ్రీలో మూడు పదియవ వంతులు. 5 మీటర్ల దూరమున దాని వెడల్పు సుమారు 2.6 సెంటీమీటర్లగును. అచట 10 సెంటీమీటర్ల పిల్ల నాలుగు గడులు పట్టును, చేపయని పోల్చుకొనవచ్చును. అంగుళము పిల్ల ఒక్క చుక్క మాత్రమే. చుక్కలు గుంపుగా కదలినప్పుడు పిల్లల గుంపని ఊహింపవచ్చును గాని, ఒక్క చుక్కను చూచి చేపయో ఆకుముక్కయో చెప్పరాదు. కావున ఫింగర్లింగుకు ఇది మంచి కన్ను. ఫ్రైకి మసక కన్ను. స్పానుకు కన్నే కాదు.

సంఖ్యను తేల్చు పద్ధతి రెండు విధములు. పిల్లలు దూరదూరముగా నున్నప్పుడు ఒక్కొక్క జవాబును విడిగా లెక్కింపవచ్చును. ఇందులకు శబ్దము మిక్కిలి పొట్టిదిగా నుండవలెను. సెకనులో పదివేలవ వంతు కాలము మ్రోగిన శబ్దము నీటిలో 15 సెంటీమీటర్ల పొడవుండును. వెనుకనున్న చేపవద్దకు శబ్దము పోయి రావలెను గనుక, రెండు చేపల నడుమ అందులో సగము, అనగా 7.5 సెంటీమీటర్ల యెడమున్నచో జవాబులు విడివిడిగా వినవచ్చును. పిల్లలు దట్టముగా గుమికూడినప్పుడు ఈ పద్ధతి సాగదు. అప్పుడు మొత్తము మ్రోతయొక్క శక్తిని కొలిచి, ఒక్క పిల్ల మ్రోత శక్తిచేత భాగింతురు. తరగతిలో పిల్లలందఱు ఒక్కమాఱు ఎక్కములు వల్లించుచుండగా, ఒక్కని గొంతు బలము తెలిసిన ఉపాధ్యాయుడు తలుపు బయటనుండియే ఎందఱు వచ్చిరో అంచనా కట్టినట్లన్నమాట.

చాలజాతుల పిల్లలు పగలు గుంపులు కట్టి, రాత్రి విడిపోవును. అందుచేత ఈ పని చేయువారు చీకటిపడిన పిమ్మటనే పడవ నెక్కుదురు. జలాశయమున ఒక గట్టునుండి మఱియొక గట్టునకు వంకరటింకరగా, ముందుగా గీచుకొన్న త్రోవలో మెల్లగా పోవుదురు. రాత్రి పగళ్ల భేదము ఎంతటిదో చెక్ దేశపు స్లాపీ జలాశయమున తేలినది. అచట పెర్చి జాతి పిల్లలు కొన్ని పగలు పైనీటిని విడిచి లోతైన చల్లనీటిలో దాగి, సాయంకాలమున పైకి వచ్చుచున్నవని సోనారుచేతను, లోతున లాగిన వలచేతను కనుగొనిరి. పగలు పైనీటిలో మాత్రమే వల లాగినవారికి ఆ పిల్లలు లేనట్లే తోచెడివి. అమెరికాలో సాక్ ఐ సాల్మను పిల్లలు సముద్రమునకు పోవుటకుముందు ఏడాదిపాటు మంచినీటి సరస్సులలో పెరుగును. వానిని 20వ శతాబ్ది రెండవ సగముననే రాత్రివేళల సోనారుతో లెక్కించిరి. కొలంబియా నదిపైని ఆనకట్టలవద్ద విద్యుద్యంత్రముల లోనికి ఎన్ని పిల్లలు ఈడ్వబడుచున్నవో, ఎన్ని ప్రక్కత్రోవలో క్షేమముగా దిగుచున్నవో తెలిసికొనుటకును ఈ యంత్రమునే నిలిపిరి. మన జలాశయములనుండి కాలువలలోనికి, సొరంగములలోనికి నీరు లాగుచోట్ల ఇట్టి పరీక్ష చేయదగియున్నదని మా యభిప్రాయము. జలాశయములలో పూడిక యెంత చేరినదో తెలిసికొనుటకు పడవకు ఇట్టి ధ్వనియంత్రమును కట్టి లోతు కొలుచుట మన దేశమున వాడుకలోనిదే. నేలను వినుటకు వాడు ఆ పడవలకు చేపలను వినగల యంత్రమును గూడ కట్టుట అసాధ్యమైన పని కాదు.

సోనారు చెప్పలేని సంగతి యొకటి స్పష్టముగా చెప్పవలెను. దానికి జాతి తెలియదు. 10 సెంటీమీటర్ల శీలావతి పిల్లయు, అంతే పొడవుగల ముదిరిన పరిగెయు ఇంచుమించు ఒకేరీతిగా పలుకును. సంఘమువారు డబ్బిచ్చి కొన్న పిల్లలు బ్రతికినవో, చెఱువులో తమంత పుట్టిన పరిగెలు పెరిగినవో యంత్రమునుబట్టి తెలియదు. కావున అక్కడక్కడ వల వేసి, పడిన వానిలో ఏ జాతి యెన్ని పాళ్లో చూడక తప్పదు. వల జాతిని చెప్పును, సోనారు సంఖ్యను చెప్పును. అయితే పది వలలు వేసి ఊహింపవలసినచోట రెండు మూడు వలలు చాలును. చచ్చు పిల్లల సంఖ్య అంతమేరకు తగ్గును.

యంత్రము కొన్నంతమాత్రమున లెక్క రాదు. ఒక్క పిల్ల యెంత బలముగా పలుకునో ముందుగా తెలియనిదే మొత్తమును దేనిచేత భాగింతుము? సాల్మనుకు, పెర్చికి కట్టిన లెక్క బొచ్చె పిల్లకు సరిపోదు. వాయుకోశపు ఆకారమే వేఱు. ఇందులకు చేయవలసిన పని కష్టమైనది కాదు గాని ఓర్పు కావలెను. సన్నని వలతో పెద్ద గూడు కట్టి, లోతునీటిలో దింపి, అందు ఎంచి కొలిచిన పిల్లలను విడిచి, పైనుండి సోనారుతో వినవలెను. గూడు ఖాళీగా నున్నప్పు డొకమాఱు, పది పిల్లలున్నప్పు డొకమాఱు, నూఱున్నప్పు డొకమాఱు వ్రాసికొనవలెను. బొచ్చెకు వేఱుగా, శీలావతికి వేఱుగా, ఎఱ్ఱమోసుకు వేఱుగా, అంగుళము పిల్లనుండి జానెడు పిల్లవఱకు, వానకాలపు మట్టినీటిలోను, కార్తీకము దాటిన తేటనీటిలోను ఈ కొలతలు తీసికొనవలెను.